మా కుక్కకు చెయ్యని పరీక్ష

తిరుపతిలో సొంతిల్లు ఉన్నవాళ్లకు చుట్టాలు ఎక్కువ. మా పెళ్లికి కూడా రానివాళ్లు దర్శనం టికెట్టు దొరకగానే మా ఇంటి దారి గుర్తు తెచ్చుకుంటారు. తెల్లారేసరికి గేటు ముందు ఆటో, ఆటోలోంచి నాలుగు బ్యాగులు, బ్యాగుల వెనక ఆరుగురు మనుషులు. స్నానాలు మా ఇంట్లో, టిఫిన్లు మా ఇంట్లో, గుండ్లు మాత్రం కొండమీద. దిగొచ్చాక సోఫాలో కూలబడి, క్యూలో ఎన్ని గంటలు నిలబడ్డారో చెప్పి, సంచిలోంచి ఒక లడ్డు తీసి నా చేతిలో పెడతారు. రెండు రోజుల మకాముకు అదీ నాకు దక్కేది. వాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ మంట ఉంది, దాచుకోను.

ఆ లడ్డుతోనే అసలు చిక్కు. మా ఆయనకు షుగరు ఉంది, నాకు తీపి పడదు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. పక్కింటివాళ్లకు ఇద్దామంటే వాళ్లకూ చుట్టాలున్నారు, వాళ్ల ఫ్రిజ్జులోనూ లడ్లున్నాయి. తిరుపతిలో పక్కింటికి లడ్డు ఇవ్వబోతే నవ్వుతారు. అట్లాగని చెత్తబుట్టలో వెయ్యలేం. ప్రసాదం వద్దనకూడదు, పారేయకూడదు, కాలికింద పడనివ్వకూడదు. ఎండి, చిట్లి, గిన్నె అడుగున పొడిపొడిగా మిగిలిపోయిన ఆ ప్రసాదానికి మా వీధిలో అందరూ కనిపెట్టిన దారి ఒకటే. కుక్కకు పెట్టడం. కుక్క కాలభైరవుడి వాహనం కాబట్టి దోషం లేదు. పారేసినట్టూ కాదు, తిన్నట్టూ కాదు.

మా కుక్క ఆడది, ఎర్రది, నాటుది. దానికో పేరుంది, ఇక్కడ రాయను. ఇప్పుడు ఎనిమిదేళ్లు దాటాయి. పోయిన ఎండాకాలం నుంచి దానికి కళ్లు కనపడవు. ఎందుకు కనపడవో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

దాన్ని సత్యవేడు నుంచి మా నాయన తెచ్చాడు. తుండుగుడ్డలో చుట్టుకుని, బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చాడు. మా నాయన సేద్యగాడు. ఆవులకు గాలికుంటు టీకా వేయించే రోజు ఆయన ఇంకో పని పెట్టుకునేవాడు కాదు, చావు కబురు వచ్చినా ముందు పశువుల ఆస్పత్రికి పోయి తరవాత చావింటికి పోయేవాడు. పిల్లను నా చేతిలో పెడుతూ ఒక మాట చెప్పాడు. "ఆవుకు బాగలేకపోతే పాలు తగ్గిస్తాది, మనకు తెలిసిపోతాది. కుక్క తగ్గించేదానికి ఏమీ లేదమ్మా. సచ్చేదాకా తోక ఊపతానే ఉంటాది. దానికి బాగున్నప్పుడే నువ్వు ఆర్నెల్లకొకసారి తీసకపోయి సూపించాల."

సరే నాయనా అన్నాను. మొదటి ఏడాది తీసుకుపోయాను కూడా. ఊరి చివర కుక్కలకూ పిల్లులకూ చూసే డాక్టరు ఒకాయన ఉన్నాడు, మాటలో పదును ఎక్కువ. ఆయన తూకం వేసి, పళ్లు చూసి, కడుపు నొక్కి, ఒక అట్ట కార్డు ఇచ్చాడు. అందులో తేదీలు రాసుకునే గీతలున్నాయి. రెండు గీతలు నిండాయి. మూడోసారి మా ఆయన పాత్రల అంగడిలో తీరిక లేదన్నాడు, నాలుగోసారి నాకు తీరిక లేదు, ఐదోసారి ఎవరికీ గుర్తులేదు. మా గ్రైండరుకు ఒక కాలు పొట్టి. ఆ కార్డును నాలుగు మడతలు పెట్టి దాని కింద దోపాను. గ్రైండరు ఊగడం ఆగిపోయింది.

పిచ్చికుక్క జబ్బు రాకుండా వేసే సూది మాత్రం ఏడాదికోసారి తప్పకుండా వేయించేవాళ్లం. దానికోసం కాదు, మాకోసం. మా వీధికి వచ్చే కాంపౌండరు గేటు దగ్గరే నిలబడి, తొడలో ఒక పోటు పొడిచి పోయేవాడు. దాన్ని తిప్పి చూసింది లేదు, తూకం వేసింది లేదు. దాన్నే మేం చెకప్ అనుకున్నాం. ఎవరైనా అడిగితే "మా కుక్కకు అన్నీ టైముకు చేయిస్తాం" అని గొప్పగా చెప్పుకున్నాం కూడా.

ఇప్పుడు నా సంగతి. నేను పద్దెనిమిదేళ్లుగా ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను. పొద్దున ఆరున్నరకు తలుపు తీస్తే పది దాకా సూదులు గుచ్చుతూనే ఉంటాను. సగంమంది షుగరువాళ్లు. నాకు వాళ్లమీద జాలి కలగదు, కోపమే వస్తుంది. తినకుండా రమ్మంటే తిని వచ్చి, తినలేదని చెబుతారు.

"ఏమీ తినలేదమ్మా, రవ్వంత కాఫీ తాగినా."

"కాఫీలో చక్కెర ఉండాదా లేదా?"

"రవ్వంతే."

ఈ రవ్వంతగాళ్లను తిట్టడంలో నాకు మంచి పేరుంది. దాహం ఎక్కువైందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, తింటున్నా చిక్కిపోతున్నారా, ఎన్నాళ్ల నుంచి అని వరసగా అడుగుతాను. నెల అంటే రెండు నెలలు, వారం అంటే నెల అని రాసుకుంటాను. ఎందుకంటే అబద్ధం చెబుతారని నాకు తెలుసు. "బాగానే ఉండాను గదమ్మా, మళ్లీ మళ్లీ పరీక్ష ఎందుకు?" అనేవాళ్లకు నా దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. "బాగుండేటప్పుడే రావాల. బాగలేనప్పుడు అందరూ వస్తారు." ఈ మాట మా ల్యాబు డాక్టరమ్మకు నచ్చి, గోడమీద రాయించింది. దాని కింద కూర్చునే నేను సూదులు గుచ్చుతాను. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు.

ఇక మా వదిన గురించి. మా ఆయన అక్క. గూడూరులో ఉంటుంది, నిమ్మకాయల వ్యాపారం వాళ్లది. నెలకొకసారి కొండకు వస్తుంది. వచ్చినప్పుడల్లా బస్తాలో నిమ్మకాయలు, నోటినిండా సలహాలు. నా పప్పులో ఉప్పు తక్కువ, నా దుప్పట్లలో చెమ్మ వాసన, నా మొగుడు చిక్కిపోయాడు. ఆమె అడుగు గేటులో పడితే మా కుక్కకు మాత్రం పండగే. ఆటో మలుపు తిరగకముందే కనిపెట్టి గేటు ఎక్కేది. కొండదిగి వచ్చాక ఆవిడ మెట్టుమీద కూర్చుని, లడ్డు చిదిపి, ముక్కముక్కగా గాలిలోకి విసిరేది. అది ఎగిరి నోటితో అందుకునేది. ఒక్క ముక్క నేల తాకనిచ్చేది కాదు.

"వదినా, కుక్కకు తీపి పెట్టగూడదు. ఎండుద్రాక్ష అసలు పెట్టగూడదంట" అన్నాను ఒకసారి.

"దేవుడి ప్రసాదం మే. అది తింటే జబ్బేంది?" అంది, మా వైపు ఆడవాళ్లను పిలిచే ఆ 'మే'ను కాస్త సాగదీసి.

నేను ఇంకో మాట అనలేదు. ఆవిడ భక్తికి భయపడి కాదు. ఆవిడ పెట్టకపోతే ఆ లడ్డు నా ఫ్రిజ్జులో మిగులుతుంది కాబట్టి. ఆవిడ వెళ్లాక గిన్నె అడుగున మిగిలిన పొడి వారమంతా నేనే దాని పెరుగన్నంలో కలిపేదాన్ని. పెరటాసి నెలలో, అది వెంకన్న నెల కాబట్టి, మా ఇంట్లో నీచు ముట్టం. ఆ నెలంతా దాని కూడు పెరుగన్నం, ప్రసాదం. ఏడేళ్లకు అది గుండ్రంగా తయారైంది. వచ్చినవాళ్లు చూసి "బాగా సాకతా ఉండారు" అనేవాళ్లు. ఆ మాటకు నేను మురిసిపోయేదాన్ని.

పోయిన శివరాత్రికి వదిన శ్రీకాళహస్తిలో జాగారం చేసి, మర్నాడు నేరుగా మా ఇంటికి వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం పెరట్లో మెట్టుమీద కూర్చుని ఆకుకూర గిల్లుతూ, కుక్క తాగే నీళ్లతొట్టి వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. తొట్టిలో పాచి ఉందని అంటుందేమో, అంటే ఏం జవాబు చెప్పాలా అని నేను లోపల పళ్లు నూరుకుంటూ ఉన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. సాయంత్రం రైలెక్కి వెళ్లిపోయింది.

కుక్క నీళ్లు ఎక్కువ తాగుతున్న సంగతి ఆ వారంలోనే నేను చూశాను. పొద్దున నింపిన తొట్టి మధ్యాహ్నం నేను ఇంటికొచ్చేసరికి ఖాళీ. మళ్లీ నింపితే సాయంత్రానికి ఖాళీ. వసారాలో ఎప్పుడూ పాడు చెయ్యనిది, మూడు రోజులు వరసగా తడిపేసింది. నేను దాన్ని చీపురుతో కొట్టాను. అది కదలకుండా దెబ్బలు పడింది, చెవులు వెనక్కి పెట్టుకుని, తోక ఊపుతూనే.

"ఎండలు మే. మనమే బిందె తాగతా ఉండాం, అది తాగదా?" అన్నాడు మా ఆయన.

ఎండలే అనుకున్నాను. అనుకోవడం సుఖంగా ఉంది. ఉగాది నాటికి నడుం దగ్గర సన్నబడింది. కొవ్వు కరిగింది, మంచిదే అనుకున్నాను. గిన్నె నాకి నాకి తింటోంది, తిండి తింటున్నదానికి జబ్బేమిటి అనుకున్నాను. దాహం, ఒంటేలు, తింటున్నా చిక్కడం. పొద్దున ల్యాబులో ఈ మూడూ కాగితం మీద రాసుకుని మనుషులను నిలదీసి, మధ్యాహ్నం ఇంటికొచ్చి అదే చేత్తో తొట్టి నింపాను. నా చేతిసంచిలో షుగరు చూసే మిషను ఎప్పుడూ ఉంటుంది. మా ఆయనకు నెలకోసారి చూస్తాను, వచ్చిపోయే చుట్టాలకు ఊరికే చూస్తాను, ఎదురింటి పూలామెకు చూస్తాను. నాలుగడుగుల దూరంలో పడుకున్నదానికి చూడాలని తోచలేదు. తోచలేదు అనడం కూడా మర్యాదకే. ఒకటి రెండుసార్లు తోచింది, జరిపేశాను. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఒకపూట పోతుంది, ఆయన తిడతాడు, కార్డు ఏదంటాడు. తిట్టేవాళ్లకు తిట్లు పడటం అలవాటు ఉండదు.

ఎండాకాలం నిమ్మకాయల పనిలో పడి రెండు నెలలు రాని వదిన, మే నెలలో గంగజాతర వారంలో మళ్లీ వచ్చింది. కొండదిగి వచ్చి మెట్టుమీద కూర్చుని, ఎప్పటిలాగే ముక్క విసిరింది. అది కుక్క మూతికి తగిలి కిందపడింది. కుక్క నేలంతా వాసన చూస్తూ చుట్టూ తిరిగింది. ముక్క దాని ముందుకాలి పక్కనే ఉంది, కనిపించలేదు. వదిన నవ్వింది. "ముసిలిదైపోయింది మే ఇది" అంది. నేను దాని మూతి పైకెత్తి చూశాను. రెండు కళ్లలోనూ పాలు పోసినట్టు తెల్లగా ఉంది. అది నా వైపు కాదు, నా గొంతు వచ్చే వైపు చూస్తోంది.

వదిన ఆ రాత్రే గూడూరు పోయింది. మర్నాడు పొద్దునే డాక్టరు దగ్గరికి పోయాం, నేనూ మా ఆయనా. గ్రైండరు కింది కార్డు లాగితే నడిమధ్య గుండ్రంగా చిల్లు పడింది. డాక్టరు ఆ చిల్లును ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. చెవి అంచున సూదితో పొడిచి ఒక్క బొట్టు తీశాడు. మిషనులో వచ్చిన అంకె నాకు ఎవరూ వివరించక్కరలేదు. ఆ అంకె మా ల్యాబులో వస్తే కాగితం మనిషి చేతికివ్వం, నేరుగా డాక్టరుకు ఫోను చేస్తాం.

"నీళ్లు ఎక్కువ తాగేది ఎన్నాళ్ల నుంచి?" అని అడిగాడు.

మా ఆయన నా వైపు చూశాడు. ఎండలే అని తను అన్న మాట ఆయనకు గుర్తులేదు, ఇంట్లో తొట్టి నింపేది నేనే.

"పది దినాల నుంచి సార్" అన్నాను.

శివరాత్రి నుంచి గంగజాతర దాకా ఎన్ని దినాలో లెక్క రాకకాదు. నా నోట్లోంచి అంత సులువుగా అబద్ధం వస్తుందని నాకే తెలీదు. ఆ రవ్వంతగాళ్లు కూడా నాకన్నా కాస్త తడబడతారు.

"పది దినాలకు కండ్లు ఇట్లా కావే" అన్నాడాయన. నేను గోడమీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. ఆయన ఇంకా గుచ్చి అడగలేదు, ముందున్న కుక్కతోనే ఆయనకు పనెక్కువ. ఒళ్లు పెరగడం, ఆడది కావడం, పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించకపోవడం, వయసు, అన్నీ కలిసి షుగరు వచ్చి ఉండొచ్చని చెప్పాడు. "కుక్కకు ఆర్నెల్లంటే మీకు రెండు మూడేండ్లు. మీరు ఆరేండ్లుగా దీన్ని నాకు సూపించలా. ఏటా తూకం వేసింటే మొదటి ఏడే తిండి మార్చేవాణ్ణి. నీళ్లు తాగడం మొదలైన వారంలో తెచ్చింటే కండ్లు ఇంకొన్నాళ్లు నిలబడేవి" అన్నాడు. తీపి ఏమైనా పెట్టారా అని అడిగాడు.

"మా అక్క వచ్చినప్పుడల్లా లడ్డు పెడతాది సార్" అన్నాడు మా ఆయన.

ఆ మాటతో తప్పుకు ఒక మనిషి దొరికింది. నేను కాదనలేదు. పెరుగన్నంలో కలిపిన పొడి గురించి చెప్పలేదు. కళ్లకు చెన్నైలో ఆపరేషన్ ఉందిగానీ, దీని మూత్రపిండాలు కూడా బాగాలేవు, మత్తు తట్టుకోదు, ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. మా ఆయన బయటికొచ్చి, బండి దగ్గర నిలబడి, వాళ్లక్కకు ఫోను చేసి అరిచాడు. నలభై ఏళ్లలో అక్క మీద గొంతెత్తని మనిషి.

"పది దినాలుగా నీళ్లు తాగతానే ఉండాదంట, నీ లడ్లతో దాని కండ్లు తీసేసినావు గదక్కా" అన్నాడు.

అవతల ఆవిడ ఏడుపు నాకు వినిపించింది. "కాణిపాకంలో ప్రమాణం చేస్తా అబ్బా, ఒక్క లడ్డు కన్నా ఎక్కువ ఏ పొద్దూ పెట్టలా" అంటోంది. కాణిపాకంలో అబద్ధపు ప్రమాణం చేసే ధైర్యం మా జిల్లాలో ఎవరికీ లేదు. నన్ను మాత్రం ఎవరూ ప్రమాణం అడగలేదు.

ఆ తరవాత వదిన రావడం మానేసింది. కొండకు వస్తే సత్రంలో దిగి, అట్నుంచటే పోతోందని తెలిసింది. మొదటి రెండు నెలలూ నాకు హాయిగానే ఉంది. నా పప్పులో ఉప్పు గురించి అడిగేవాళ్లు లేరు.

ఇప్పుడు రోజుకు రెండుసార్లు, తిండి పెట్టిన వెంటనే, మెడమీది తోలు పైకి పట్టుకుని ఇన్సులిన్ వేస్తాను. నెలకోసారి డాక్టరు దగ్గరికి. కొత్త కార్డు ఇచ్చాడు, ఒక్క గీత కూడా ఖాళీ లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో నన్ను మించినవాళ్లు లేరు. పోయిన నెల ఆయన, అంత పదునైన మనిషి, అక్కడున్న ఇంకో కుక్క యజమానికి నన్ను చూపించి, "ఈమెను చూసి నేర్చుకోండి, ఒక్కపూట తప్పదు" అన్నాడు. వాళ్లు నన్ను మెచ్చుకోలుగా చూశారు. నాకు ఆ కార్డు చింపి ఆయన బల్లమీద వెయ్యాలనిపించింది.

కుక్క గోడల వాసన పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంది. తొట్టి దారి తెలుసు, నా మంచం తెలుసు. కుర్చీ కొంచెం జరిపితే మాత్రం కొట్టుకుంటుంది, కొట్టుకుని తోక ఊపుతుంది. వీధిలో ఆటో ఆగితే గేటు దగ్గరికి పోయి నిలబడుతుంది. ఎవరూ రాకపోయినా చాలాసేపు అక్కడే ఉంటుంది. అది ఎవరికోసం నిలబడుతుందో నాకు తెలుసు. మా ఆయనకూ తెలుసు, కానీ ఆయన దాన్ని చూసినప్పుడల్లా వాళ్లక్కను తిట్టుకుంటాడు. అది వినీ వినీ, పోయిన శనివారం ఆయన అంగడికి పోయాక గూడూరుకు ఫోను చేశాను.

"ఏం మే, దానికెట్లుండాది?" అంది వదిన. ఫోను ఎత్తగానే మొదటి మాట అదే.

"వదినా, అది నీళ్లు తాగేది పది దినాల నుంచి కాదు. శివరాత్రి నుంచి. నేను సూస్తానే ఉండినా. డాక్టరుకు అబద్ధం చెప్పినా. నీ తమ్ముడు నిన్ను తిడతా ఉంటే నోరు మూసుకోని ఉండినా. మిగిలిన లడ్డంతా దాని కూట్లో కలిపింది కూడా నేనే."

తిడుతుందని ఎదురుచూశాను. తిడితే నాకూ కొన్ని మాటలు సిద్ధంగా ఉన్నాయి. అవతల కుక్కరు కూత వినిపించింది, ఆవిడ లేచి వెళ్లి స్టవ్వు ఆపి వచ్చిన చప్పుడు కూడా వినిపించింది.

"శివరాత్రప్పుడు నేనూ సూసినా మే" అంది. "ఆకు గిల్లతా కూర్చున్నా గదా, ఆ కాసేపట్లోనే మూడుసార్లు పోయి తాగింది. మా అత్తకు షుగరొచ్చినప్పుడు అట్లే తాగేది. అడగదామనుకున్నా."

"అడిగుండొచ్చు గదా వదినా."

"నువ్వు ఊరందరికీ షుగరు సూసేదానివి. ఇంట్లోదానికి సూడకుండా ఉంటావా, సూసే ఉంటావులే అనుకున్నా."